పట్టికలో లేని నాలుగో వరుస

పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి కళ్ళు మూసుకుంటే అమ్మ పక్కకు ఒరిగిపోయేది. మొదటిసారి చూసినప్పుడు నేల తడిగా ఉండి కాలు జారిందనుకున్నాను. ఇంకోసారి నిద్రమత్తు అనుకున్నాను. మూడోసారి బేసిన్ అంచు తగిలి గడ్డం చీరుకుపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, గడ్డం కింద చీర చెంగు అదిమిపెట్టుకుని, అమ్మ మెల్లగా చెప్పింది. "కళ్ళు తెరిచి ఉంటే నిలబడగలనే. మూస్తే నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకే తెలియడం లేదు."

అమ్మకు అప్పటికి 68 ఏళ్ళు. నాన్న పోయాక పిఠాపురం దగ్గరి మా ఊరు వదిలి చెన్నైకి, కొళత్తూరులో నా దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. షుగర్ 12 ఏళ్ళుగా ఉంది. పడిపోవడానికి ఏడాదిన్నర ముందు నుంచే అరికాళ్ళలో తిమ్మిర్లు అంటోంది. "నేల మీద నడుస్తున్నట్టు లేదే, దూది మీద నడుస్తున్నట్టుంది" అనేది. మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు "షుగర్ ఉన్నవాళ్ళకి మామూలేనమ్మా" అని షుగర్ మాత్ర మోతాదు పెంచారు. మొహం పాలిపోయిందని రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు రాశారు. మూడు నెలల్లో 11 దాటింది. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. రక్తం పట్టింది కదా, తిమ్మిర్లు కూడా పోతాయనుకున్నాం. అవి పోలేదు సరికదా మోకాళ్ళ దాకా పాకాయి.

గడ్డానికి కుట్లు వేసిన చోట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తమిళంలో అడుగుతుంటే నేను అమ్మకు తెలుగులో చెప్పాను. మాంసం, చేప, గుడ్డు ఏమైనా తింటారా? తినదు, పుట్టి బుద్ధెరిగి తినలేదు. షుగర్ మాత్ర ఏది, ఎన్నేళ్ళుగా? మెట్‌ఫార్మిన్, 12 ఏళ్ళు. గ్యాస్ మాత్ర? రోజూ పరగడుపున ఒకటి, నాలుగేళ్ళుగా. పాలు, పెరుగు? మజ్జిగే, అదీ నీళ్ళ మజ్జిగ. ఆవిడ అమ్మను నిలబెట్టి, పాదాలు రెండూ దగ్గరగా పెట్టించి, కళ్ళు మూసుకోమన్నారు. అమ్మ ఊగిపోతుంటే పడకుండా తనే పట్టుకున్నారు. నాలుక చాపమన్నారు. నాలుక ఎర్రగా, నున్నగా ఉంది. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి నాలుక ఎలా ఉందో నేనెప్పుడూ చూడలేదు.

బి12 పరీక్ష ఫలితం మర్నాడు వచ్చింది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తగ్గితే లోపం కింద లెక్క. అమ్మకు 118 ఉంది.

నేను బడిలో సైన్సు చెప్తాను. 19 ఏళ్ళుగా ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలకు విటమిన్ల పట్టిక వల్లె వేయిస్తున్నాను. మొదటి నిలువు వరుసలో విటమిన్ పేరు, రెండో వరుసలో అది దొరికే పదార్థాలు, మూడో వరుసలో లోపిస్తే వచ్చే జబ్బు. ఎ లోపిస్తే రేచీకటి, బి1 లోపిస్తే బెరిబెరి, సి లోపిస్తే స్కర్వీ, డి లోపిస్తే రికెట్స్. ఆ పట్టికలో ఒక్క తప్పు లేదు. కానీ దానికి నాలుగో వరుస ఉండాలని నాకు అమ్మ పడిపోయాకే తెలిసింది. ఈ మనిషికి అది ఎందుకు లోపించింది అన్నది ఆ నాలుగో వరుస. తినక లోపించిందా, తిన్నది ఒంటికి పట్టక లోపించిందా, వేరే మందు అడ్డుపడిందా, ఒంట్లోంచి పోతోందా? ఆ డాక్టరమ్మ అడిగిన నాలుగు ప్రశ్నలూ ఆ వరుసలోవే. ఏది తక్కువైందో, ఎందుకు తక్కువైందో అడగకుండా "బలానికి" మాత్ర మింగడం, మింగించడం మనం మానుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్తాను.

ముందు బి12 సంగతి. మనకు రోజుకు కావలసింది 2 మైక్రోగ్రాముల పైచిలుకు, అంతే. ఈ విటమిన్‌ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. చెట్టూ తయారుచేయదు, జంతువూ చేయదు. జంతువుల ఒంట్లో నిలవ ఉంటుంది కాబట్టి మాంసం, చేప, గుడ్డు, పాల ద్వారా మనకు అందుతుంది. ఆకుకూరలు ఎంత తిన్నా రాదు. తిన్నాక కూడా దాని దారి చాలా పొడుగు. కడుపులో యాసిడ్ దాన్ని ఆహారంలోని ప్రొటీన్ నుంచి విడదీయాలి. కడుపు గోడ నుంచి ఊరే ఒక ప్రత్యేకమైన ప్రొటీన్ దాన్ని పట్టుకోవాలి. ఆ జంట చిన్నపేగు చివరి దాకా ప్రయాణం చేస్తేనే రక్తంలోకి చేరుతుంది. గ్యాస్ మాత్ర యాసిడ్‌ను తగ్గిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే పేగు చివర బి12 లోపలికి వెళ్ళడం కొందరిలో తగ్గుతుంది. అమ్మకు తిండిలో వచ్చేదే కొంచెం. ఆ కొంచానికీ దారిలో రెండు చోట్ల అడ్డుకట్ట పడింది. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిలవ ఉంటుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. కొట్లో ధాన్యం అడుగంటే దాకా ఇంట్లో అన్నం ఉడుకుతూనే ఉన్నట్టు.

ఆ షుగర్ మాత్ర చెడ్డదని నేననడం లేదు. అమ్మ ఇప్పటికీ అదే వాడుతోంది. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకు అప్పుడప్పుడు బి12 చూడాలని చెప్పేవాళ్ళు ఒకరు ఉండాల్సింది, అంతే.

ఇక నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ ఫోలిక్ యాసిడ్. కొత్త రక్తకణాలు పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ కలిసి పనిచేయాలి. బి12 లేకపోతే ఒంట్లో ఉన్న ఫోలేట్ వాడుకోవడానికి వీల్లేని రూపంలో ఇరుక్కుపోతుంది, రక్తం తగ్గుతుంది. అప్పుడు బయటి నుంచి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తే ఆ ఇరుకును దాటుకుని రక్తం మళ్ళీ పడుతుంది, రిపోర్టు బాగుంటుంది. కానీ బి12కు ఇంకో పని ఉంది. నరాల చుట్టూ ఉండే కొవ్వు తొడుగును అది కాపాడాలి. ఆ పని ఫోలిక్ యాసిడ్ చేయలేదు. రక్తం బాగుపడుతూ ఉంటే, లోపల నరాలు చెడిపోతూ ఉంటాయి. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. హిమోగ్లోబిన్ 11 దాటిందని మేం స్వీటు పంచుకున్న నెలలోనే అమ్మ చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా వీధి చివరి దాకా నడిచి వెళ్ళింది.

ఈ సంగతి వైద్యులకు 1940ల చివరికే తెలుసు. అప్పుడే ఫోలిక్ యాసిడ్ చేతికొచ్చింది. ఒక రకం రక్తహీనత ఉన్నవాళ్ళకు అది ఇస్తే రక్తం పట్టింది కానీ నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన చదివిన మద్రాసు మెడికల్ కాలేజీ సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే ఉంది. ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా తల తిప్పి చూస్తాను. ఖద్దరు కట్టుకున్నందుకు ఆంగ్లేయుడైన ప్రొఫెసర్ కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాతో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. స్ప్రూలో తిండి దొరకక మనిషి చిక్కిపోడు. తిన్నది పేగులో పట్టక చిక్కిపోతాడు. ఫోలిక్ యాసిడ్, బి12 ఒంటికి అందవు, రక్తం తగ్గిపోతుంది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు వెనకే వెళ్ళి, అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. 1948లో ఆయన పోయారు. బి12ను మొట్టమొదటిసారి శుద్ధంగా విడదీసిందీ ఆ ఏడాదే.

నేను చెప్పే నాలుగో వరుస ఆయన జీవితంలోనే ఉంది. పళ్ళెంలో ఉన్నంత మాత్రాన ఒంట్లో ఉన్నట్టు కాదని సొంత ఇంట్లో చూసిన మనిషి ఆయన.

ఈ మాటలు చెప్తే నాకు రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది మా వైపు పెద్దవాళ్ళు అనేది. "మా తాతలు ఈ మాత్రలన్నీ మింగారా? మంచి తిండి తిన్నారు, నూరేళ్ళు బతికారు." మా మేనమామ ఈ మాట అన్నప్పుడు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను.

మన తాతల కాలంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మా గోదావరి నుంచి పైకి విశాఖ, గంజాం దాకా, బెరిబెరి ఉండేది. కాళ్ళు మొద్దుబారడం, నీరు దిగడం, ముదిరితే గుండె ఆగిపోవడం. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఆ జబ్బు కనపడేది కాదు. ఇద్దరిదీ వరి అన్నమే, ఇద్దరి ధాన్యమూ మిల్లుకే వెళ్ళేది. తేడా ఒక్కటే. ఉప్పుడు బియ్యానికి వడ్లను ముందు నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ఆడిస్తారు. నానినప్పుడు, ఉడికినప్పుడు తవుడులోని బి1 నీళ్ళతో పాటు గింజ లోపలికి దిగుతుంది. తర్వాత తవుడు పోయినా బి1 కొంత గింజలోనే మిగులుతుంది. మనవాళ్ళు పచ్చి వడ్లను తెల్లగా పాలిష్ పట్టించి, నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి తినేవాళ్ళు. తవుడు పశువులకు, గంజి కుడితి తొట్టిలోకి. తిన్న అన్నాన్ని ఒళ్ళు శక్తిగా మార్చుకోవాలంటే బి1 కావాలి. అందుకే అన్నం ఎంత ఎక్కువ తిని కూర, పప్పు ఎంత తక్కువ తింటే లోటు అంత పెద్దది. పేదవాళ్ళ కంచంలో అన్నమే ఎక్కువ, కూర తక్కువ.

అమ్మ నాయనమ్మ చెప్పేదట, ఊళ్ళోకి మిల్లు వచ్చాక రోకలి పట్టే ఆడవాళ్ళకు ఊపిరి పీల్చుకునే తీరిక దొరికిందని. ఆ తీరిక వాళ్ళ హక్కు. దంపుడు బియ్యం తినమని నేడు చెప్పేవాళ్ళలో రోకలి పట్టినవాళ్ళు తక్కువ. అయితే ఆ తెల్లటి అన్నంతో పాటు ఒక జబ్బు కూడా ఇంట్లోకి వచ్చిందని ఆ రోజుల్లో ఎవరికి తెలుస్తుంది?

చాలామందికి తెలియని సంగతి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మొదలైందే ఈ జబ్బు కోసం. 1918లో కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ 'బెరిబెరి విచారణ' పేరుతో దాన్ని మొదలుపెట్టారు. 1958లో అది హైదరాబాద్ వచ్చింది. మెక్‌కారిసన్‌కు ముందు తరంలో జావాలో డచ్చి డాక్టరు ఐక్‌మన్ కోళ్ళకు పాలిష్ బియ్యం పెడితే కాళ్ళు పడిపోవడం, తవుడుతో కూడిన బియ్యం పెడితే లేచి నిలబడటం చూశారు. అయినా బియ్యంలో ఏదో విషం ఉందనే ఆయన అనుకున్నారు. ఉన్నది చంపడం లేదు, లేనిది చంపుతోంది అని తేల్చింది ఆయన తర్వాత వచ్చిన గ్రైన్స్, 1901లో. సూక్ష్మజీవుల వల్లే జబ్బులు వస్తాయని లోకమంతా కొత్తగా నమ్ముతున్న రోజుల్లో, ఒక వస్తువు లేకపోవడం వల్ల జబ్బు రావడమన్న ఊహ ఎంత కష్టమైనదో ఆలోచించండి. 1912లో ఫంక్ అనే శాస్త్రవేత్త 'విటమిన్' అనే మాట పుట్టించే నాటికి మన జిల్లాల్లో కాళ్ళు మొద్దుబారినవాళ్ళు తమ జాతకాన్ని తిట్టుకుంటూ ఉన్నారు.

కాబట్టి తాతల తిండి అంతా మంచిదే అనలేం. చిరుధాన్యాలన్నీ అమృతం అని కూడా అనలేం. దక్కన్‌లో జొన్న ఒక్కటే తిని బతికిన పేదవాళ్ళలో, బి3 విటమిన్ ఒంటికి అందక వచ్చే పెల్లాగ్రా జబ్బు వచ్చేదని, ఎండ తగిలిన చర్మం మాడినట్టు నల్లబడేదని, 1960 ప్రాంతంలో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ గారు, ఆయన తోటివాళ్ళు రాశారు. జొన్నరొట్టె మంచి తిండే. ఏ తిండి అయినా అది ఒక్కటే తినవలసి రావడం పేదరికం.

రెండో జవాబు నా తోటి టీచర్లది, ఊళ్ళో ఉన్న మా చెల్లెలిది. "ఏది తక్కువో వెతకడం ఎందుకక్కా, అన్నీ ఉన్న మల్టీవిటమిన్ ఒకటి వేసుకుంటే పోయె. మేలు చేయకపోయినా కీడు చేయదు కదా." ఈ మాటే నాకు భయం పుట్టిస్తుంది, ఎందుకంటే ఇది తెలివైన మాటలా వినిపిస్తుంది.

మోతాదు దాటితే కీడు చేస్తుంది. 1994లో ఫిన్లాండ్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. పొగతాగే మగవాళ్ళు 29,133 మందితో, ఐదు నుంచి ఎనిమిదేళ్ళు నడిపిన పరిశోధన అది. క్యారెట్లో, మునగాకులో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు. మాత్ర వేసుకున్నవాళ్ళలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. ఆకుకూరలో మేలు చేసే వస్తువు, విడదీసి పెద్ద మోతాదులో ఇస్తే, ఆ మనుషుల ఊపిరితిత్తుల్లో వేరేలా పనిచేసింది.

అంత దూరం వెళ్ళక్కర్లేదు. మా స్టాఫ్ రూమ్‌లో నా పక్క కుర్చీ ఆవిడకు డి విటమిన్ తక్కువుందని వారానికి ఒకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి పొట్లాలు రాశారు. చీటీ ఎవరూ సరిగ్గా చదవలేదు, ఆవిడ రోజూ ఒకటి కలుపుకుని తాగింది. నీరసం తగ్గకపోతే ఇంకో పెట్టె తెచ్చుకుంది. రెండు నెలలకు వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల మీద ఒత్తిడి పడిందని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. సి, బి లాంటివి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి కొవ్వులో కలిసేవి, ఒంట్లోనే నిలవ ఉంటాయి.

చెన్నైలో డి విటమిన్ లోపం ఏమిటని అందరూ ఆశ్చర్యపోతారు. ఎండ ఉంది, కానీ మనం ఎండలో లేం. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చర్మంలో డి విటమిన్ తయారుచేయదు. దానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. మన చర్మం రంగుకు ఎక్కువ సేపు ఎండ కావాలి. మేం పొద్దున 7 గంటలకు బస్సెక్కి, ఫ్యాను కింద పాఠం చెప్పి, సాయంత్రం గొడుగు వేసుకుని ఇంటికి వస్తాం. పట్టికలో డి ఎదురుగా 'సూర్యరశ్మి' అని రాసుకున్న మాకే అది అందడం లేదు.

ఇదంతా చదివి మాత్రలు వద్దంటున్నానని అనుకోకండి. మా బడిలో ఆడపిల్లలకు వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. అది ఇప్పించే బాధ్యత నాదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా! ఐసిఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడదానికి 29. నెలనెలా రక్తం పోయేది ఆమెకు. ఇంట్లో చివరిగా, మిగిలింది తినేదీ చాలాచోట్ల ఆమే. ఆకుల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టేదే తక్కువ. ఈ పిల్లలకు మాత్ర కావాలి. కడుపులో వికారంగా ఉందనో, విరేచనం నల్లగా అయిందని భయపడో కొందరు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. నల్లగా కావడం మామూలేనని, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని ముందే చెప్పడం మొదలుపెట్టాక పారేయడం తగ్గింది.

అయినా ఒక పిల్లకు ఎన్ని నెలలు మింగినా రక్తం పట్టలేదు. అప్పుడు నాలుగో వరుస గుర్తొచ్చింది. వాళ్ళమ్మను పిలిచి అడిగితే, ఇంటి దగ్గర పిల్లలంతా చెప్పుల్లేకుండా మురికి కాలవ పక్కనే ఆడుకుంటారని తెలిసింది. కొంకి పురుగులు అరికాలి చర్మం గుండా దూరి, పేగుకు అతుక్కుని రక్తం తాగుతాయి. బడిలో ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజు ఆ పిల్ల రాలేదు. పరీక్ష చేయించి పురుగుల మందు వేయించి, ఒక జత చెప్పులు కొన్నాక అదే నీలం మాత్ర పనిచేసింది. ఇంకో పిల్లకు పరీక్షలో తలసీమియా లక్షణం, అంటే పుట్టుకతోనే వచ్చే ఒక రక్తపు తేడా, బయటపడింది. ఆమె రక్తకణాలు చిన్నవిగా ఉన్నది ఇనుము తక్కువై కాదు. అలాంటివాళ్ళకు పరీక్ష లేకుండా ఏళ్ళ తరబడి ఇనుము పోయకూడదు. చూడటానికి ఇద్దరూ ఒకేలా పాలిపోయి ఉన్నారు.

ఖనిజాల విషయంలో ఇంకో సంగతి ఉంది. విటమిన్లనైతే ఏదో ఒక ప్రాణి తయారుచేస్తుంది. ఇనుము, అయోడిన్, జింక్, కాల్షియం ఏ ప్రాణీ తయారుచేయలేదు. మట్టిలో, నీళ్ళలో ఉంటేనే పంటలోకి, పంట నుంచి మనలోకి వస్తాయి. హిమాలయాల కింద వానలకు, వరదలకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోయింది. కాంగ్రా లోయలో ఇంటింటా గొంతు వాపులు ఉండేవి. 1956లో అక్కడ అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి చూడటం మొదలుపెట్టినవారు వి. రామలింగస్వామి గారు, మన శ్రీకాకుళంలో పుట్టినవారు. ఆ ఉప్పు తిన్న ఊళ్ళలో వాపులు తగ్గాయి. దేశమంతా అయోడిన్ ఉప్పు రావడానికి ఆ పని పునాది. గర్భంలో బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ కావాలి. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. ఇప్పుడు మా వీధి సూపర్ మార్కెట్లో చదువుకున్న అమ్మాయిలు, గర్భంతో ఉన్నవాళ్ళు కూడా, 'సహజం' అని గులాబీ రంగు ఉప్పు కొనుక్కుంటున్నారు. అందులో, అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పులో, లెక్కలోకి వచ్చేంత అయోడిన్ లేదు. పాకెట్ మీద 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూసుకోమని వాళ్ళు అడగకపోయినా చెప్తున్నాను, ఏమనుకున్నా సరే.

మా వంటింట్లో మారినవి కొన్నే. పొద్దున ఇడ్లీ తినగానే ఫిల్టర్ కాఫీ తాగడం మానేసి గంట ఆగుతున్నాం, ఎందుకంటే కాఫీ, టీ తిండిలోని ఇనుమును పట్టనివ్వవు. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుతున్నాం. సి విటమిన్ ఆ ఇనుమును లోపలికి పట్టేలా చేస్తుంది. అదే బరువు నారింజ కంటే జామకాయలో సి మూడు నాలుగు రెట్లు ఎక్కువ, ధర తక్కువ. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే గుప్పిట్లో వేసుకునే అలవాటు అమ్మ మానుకుంది, అవి ఒకదానికొకటి అడ్డు. పై వాటాలో ఉండే తమిళ పాట్టి (అవ్వ) వాళ్ళింట్లో పుళుంగలరిసి, అంటే ఉప్పుడు బియ్యం, మా ఇంట్లో సోనా మసూరి. ఆరేళ్ళుగా ఆ వాసన పడదన్న అమ్మ ఇప్పుడు వారానికి రెండు రోజులు ఉప్పుడు బియ్యం తింటోంది. మునగాకు వేపుడులో నూనె తగ్గించమని నేనే పోరేదాన్ని. ఆ ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె ఉండాలని తరగతిలో చెప్తూనే ఇంట్లో పోరాను.

అమ్మకు మొదట రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. రెండు వారాల్లో నాలుక మంట పోయింది. రెండు నెలల్లో పేర్లు మరిచిపోవడం తగ్గింది. నరాలు మాత్రం నెమ్మది. ఏడాదిన్నర పాటు చెడినది ఎంతవరకు తిరిగి వస్తుందో ముందుగా చెప్పలేమని డాక్టరమ్మ అన్నారు. ఆ ఏడాదిన్నర నాది కూడా. నేను అడగాల్సింది. ఆ డాక్టరు గారూ అడగాల్సింది. షుగర్ అన్న ఒక్క మాట దొరికేసరికి ఇద్దరం అక్కడే ఆగిపోయాం.

ఈ ఏడాది పట్టిక చెప్పేటప్పుడు బోర్డు మీద నాలుగో వరుస గీశాను, పైన 'ఎందుకు?' అని రాసి కింద ఖాళీ వదిలాను. పిల్లలు ఇంటికెళ్ళి అడిగి వచ్చి నింపారు. ఒక అబ్బాయి, "మా నాన్న తాగుడు" అని రాశాడు, బి1 ఎదురుగా. వాడికి నేనేమీ నేర్పలేదు, వాడు చూసిందే రాశాడు. సారా అలవాటు ఉన్నవాళ్ళలో బి1 లోపం వస్తుంది, అది నిజం. ఆ సాయంత్రం వాళ్ళమ్మతో మాట్లాడాను.

అమ్మ దగ్గర ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. ఏ మాత్ర, ఏ సంవత్సరం నుంచి, ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని తనే రాసుకుంటుంది, గుండ్రటి పాతకాలపు అక్షరాలతో. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అది తెరిచి బల్ల మీద పెడుతుంది. పోయిన వారం ఇంజెక్షన్ వేయించుకున్నాక రాసిన వరుస ఇది: "ఎడమ కాలు చీలమండ దాకా తగ్గింది. కుడి కాలు కొంచెం మిగిలింది. బొటనవేళ్ళు ఇంకా తెలియడం లేదు. ముఖం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడ మీద పెడుతున్నాను."